అవుట్‌రీచ్ కమిటీలో వేశారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి. మీది బందరు వైపు సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. నార్త్ కరోలినా వచ్చి నాలుగేళ్లయింది, రాలీ పక్కన కేరీలో ఉంటూ దగ్గర్లోని ఎపిస్కోపల్ (అమెరికాలోని ఆంగ్లికన్) చర్చికి వెళ్తున్నారు. మొన్న జనవరి మీటింగులో మిమ్మల్ని అవుట్‌రీచ్ కమిటీలో, అంటే చర్చి బయటివాళ్ల కోసం పనిచేసే కమిటీలో, వేసేశారు. అక్టోబరులో ఏదైనా పెద్ద కమ్యూనిటీ ఈవెంట్ చేయమని సీనియర్ వార్డెన్ (సంఘం తరఫు ముఖ్య పెద్ద) అంటున్నారు. కమిటీలో ఇద్దరు సోషల్ జస్టిస్ పని చేద్దామంటున్నారు. ఇంకో పెద్దాయన రాజకీయాలు గుమ్మం బయటే వదిలి రావాలంటున్నారు. మధ్యలో మీకు టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి, సీఎస్‌ఐలో చూసినవాటిలో ఇక్కడ పనికొచ్చేవి ఏమైనా ఉన్నాయా అని అడిగారు.

సమాధానం ముందే చెప్పేస్తాను. ఈ ఏడాది పెద్ద ఈవెంట్ పెట్టుకోకండి. నెలకోసారి, అదే రోజు, అదే చోట జరిగే చిన్న పని ఒక్కటి పట్టుకోండి. కనీసం రెండేళ్లు వదలకండి. న్యాయం గురించి మాట్లాడాల్సిన సందర్భం ఆ పనిలోంచే వచ్చి మీ ముందు నిలబడుతుంది. మీరు పనిగట్టుకుని పిలవక్కర్లేదు.

నా గురించి రెండు ముక్కలు. మాది జంగారెడ్డిగూడెం దగ్గర పల్లె. డర్హమ్ వైపు నర్సుగా పంతొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. పద్నాలుగేళ్లు అవుట్‌రీచ్ కమిటీలో ఉన్నాను, మధ్యలో మూడేళ్లు వెస్ట్రీలో (చర్చి పాలకవర్గంలో) కూడా. కింద రాసేదాంట్లో సగం నేను చేసిన తప్పులే.

మొదటి తప్పు మీ వార్డెన్‌గారు అడుగుతున్నదే. అంతర్జాతీయ వంటల పండగ అని పేరు పెట్టి, ఊపు మీద మూడు వందల ప్లేట్లకు సరిపడా వండించాం. మన బిర్యానీ, నైజీరియా వాళ్ల జోలాఫ్, మెక్సికో వాళ్ల తమాలెలు. పిల్లలకి బెలూన్లు, గాలి నింపిన కోట. ఖర్చు రెండువేల ఎనిమిది వందల డాలర్లు దాటింది. సాయంత్రం హాల్లో నిలబడి చుట్టూ చూస్తే అందరూ తెలిసిన మొహాలే. మా చర్చి వాళ్లు, మా పిల్లల స్నేహితులు, నేను వాట్సాప్‌లో పిలిచిన తెలుగువాళ్లు. చర్చి వెనక రోడ్డు దాటితే రెండు వందల ఇళ్ల అపార్ట్‌మెంట్లున్నాయి, ఈ పండగ వాళ్ల కోసమని వెస్ట్రీకి రాసిచ్చాం. అక్కణ్నుంచి వచ్చింది ఆరుగురు.

చాలా నెలల తర్వాత ఆ అపార్ట్‌మెంట్ల ఆవిడ ఒకామె కారణాలు చెప్పింది. శనివారం మధ్యాహ్నం వాళ్లలో చాలామందికి షిఫ్టు ఉంటుందట. కరపత్రం ఇంగ్లీషులోనే ఉండటంతో టికెట్ కొనాలేమో అనుకున్నారట. పైగా ట్రాఫిక్ చూసుకోవడానికి మేం డబ్బిచ్చి పెట్టించిన పోలీసు కారు సరిగ్గా గేటు దగ్గరే ఆగి ఉంది. దాన్ని చూసి మూడు కుటుంబాలు వెనక్కి తిరిగి వెళ్లిపోయాయి. మా దృష్టిలో ఆ కారు మంచి ఏర్పాటు.

ఆ దెబ్బతో లాండ్రీ పని ఎత్తుకున్నాం. దీన్ని ఇక్కడ లాండ్రీ లవ్ అంటారు. కాలిఫోర్నియాలోని వెంచురాలో మొదలై దేశమంతా పాకింది, ఎపిస్కోపల్ చర్చిలు చాలా చోట్ల చేస్తాయి. పద్ధతి చాలా తేలిక. నెలలో ఒక సాయంత్రం లాండ్రొమాట్‌కి (డబ్బులేసి బట్టలు ఉతుక్కునే మెషిన్ల దుకాణానికి) వెళ్తారు. ఎవరు బట్టలు తెచ్చుకుంటే వాళ్ల మెషిన్లలో మీరు క్వార్టర్లు (పాతిక సెంట్ల నాణేలు) వేస్తారు. సబ్బు మీదే. ఫారాలు నింపించరు, ఆదాయం అడగరు, ఏ చర్చికి వెళ్తారని అసలే అడగరు.

మేం మూడో మంగళవారం పెట్టుకున్నాం, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. మా దగ్గర లోడ్ ఉతకడానికి, ఆరబెట్టడానికి కలిపి ఆరేడు డాలర్లు పడుతుంది. పాతిక కుటుంబాలు తలా రెండు లోడ్లు వేసుకుంటే నెలకి మూడున్నర వందల్లోపు. మా వంటల పండగ ఒక్కరోజు ఖర్చుతో ఎనిమిది నెలలు నడుస్తుంది.

ఇందులో అసలు సరుకు ఉచితంగా బట్టలు ఉతకడం కాదు. బట్టలు ఉతికి ఆరేవరకు గంటన్నర మనిషి ఎక్కడికీ పోలేడు, మీరూ పోలేరు. ఫుడ్ ప్యాంట్రీలో (ఉచితంగా సరుకులిచ్చే చోట) డబ్బా చేతిలో పెట్టి నవ్వితే అర నిమిషంలో అయిపోతుంది. ఇక్కడ పక్కన కూర్చుని దుప్పటి రెండు కొసలూ పట్టుకుని మడత పెట్టాలి. దుప్పటి మడత పెట్టడానికి ఎప్పుడూ ఇద్దరు కావాలి కదా. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఒక నెల తీసుకెళ్లాను. ఇంగ్లీషు ముక్క రాదు. హోండురాస్ ఆవిడతో కలిసి పదకొండు దుప్పట్లు మడత పెట్టి, ఇంటికొచ్చి ఆవిడ కోడలి కష్టాలన్నీ నాకు చెప్పింది. ఎలా అర్థమయ్యాయో నాకిప్పటికీ తెలియదు.

ఇప్పుడు న్యాయం సంగతి. దాదాపు ఏడు నెలలకి ఒక సంగతి గమనించాం. ఒకే కాంప్లెక్స్ నుంచి జనం ఒక్కసారిగా పెరిగారు. అడిగితే, అక్కడ కింద ఉన్న మెషిన్లు పాడయ్యాయి, యజమాని బాగు చేయించడం లేదు, అడిగినవాళ్లకి ఖాళీ చేయమని నోటీసులు వచ్చాయి అన్నారు. ఒకాయన బట్టల సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసి చూపించాడు. కోర్టు కాగితం. అందులో కోర్టుకి రమ్మన్న తేదీ అంతకు ముందురోజుది. అదేమిటో తెలియక, చదివించుకోవడానికి మంగళవారం దాకా దాచుకున్నాడు.

నార్త్ కరోలినాలో ఇల్లు ఖాళీ చేయించే కేసులు చిన్న దావాల కోర్టులో మేజిస్ట్రేట్ ముందుకొస్తాయి. చాలా తొందరగా తేలిపోతాయి. అద్దెకున్నవాళ్లు ఆ రోజు రాకపోతే తీర్పు దాదాపు యజమానికే. తీర్పు మీద అప్పీలు చేసుకోవడానికి పది రోజులే గడువు. ఇవేవీ మాకూ తెలియవు. ఆ రాత్రి మా డీకన్ గారు (చర్చిలో అభిషేకం పొంది సేవ పనులు చూసేవారు) పేదలకి ఉచితంగా లాయర్ల సాయం అందించే నార్త్ కరోలినా లీగల్ ఎయిడ్‌కి ఫోన్లు చేసి, మర్నాడు ఆయన్ని తీసుకెళ్లారు. పది రోజుల్లో ఒకటి అప్పటికే అయిపోయింది కానీ మిగతా తొమ్మిది చేతిలో ఉన్నాయి. ఆ తర్వాత మా పని పెరిగింది. లాండ్రొమాట్ గోడ మీద స్పానిష్, ఇంగ్లీషు రెండింట్లో పెద్ద అక్షరాలతో కాగితం పెట్టాం: "కోర్టు నుంచి కాగితం వచ్చిందా? ఈరోజే చూపించండి." కోర్టు రోజున పక్కన కూర్చోవడానికి నలుగురం వంతులు వేసుకున్నాం. మాట్లాడేది మేం కాదు, లాయర్లు. మేం ఊరికే బెంచీ మీద కూర్చుంటాం. చివరికి మా రెక్టార్ (మా చర్చి పాస్టరు), ఇంకో రెండు చర్చిల వాళ్లు కలిసి ఊరి కౌన్సిల్ మీటింగుకి వెళ్లి ఆ మెషిన్ల సంగతి, నోటీసుల సంగతి చెప్పారు.

ఎవరైతే రాజకీయాలు వద్దన్నారో (మా కమిటీలోనూ అలాంటి పెద్దాయన ఒకరున్నారు) ఆయనే కౌన్సిల్ మీటింగులో మొదట లేచి మాట్లాడారు. ఎందుకంటే ఆయనకి అది రాజకీయంగా కనిపించలేదు. ఏడు నెలలుగా పక్కన కూర్చుని సాక్సులు జత చేసిన మనిషి ఇల్లు పోతోంది, అంతే. అదే సంగతి మేం మొదటి నెలలోనే పవర్‌పాయింట్ పెట్టి గృహవసతి న్యాయం అని మొదలుపెట్టి ఉంటే ఆయన కమిటీకి రాజీనామా ఇచ్చేవారు.

"ఇది రాజకీయం కాదా?" అన్నదానికి సూటి జవాబు మీ దగ్గర ఉండాలి. రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి చట్టం. పన్ను మినహాయింపు ఉన్న చర్చిలు ఎన్నికల్లో ఒక అభ్యర్థి వైపో, వ్యతిరేకంగానో ప్రచారం చేయకూడదన్న నిబంధన 1954 నుంచి పన్నుల చట్టంలో ఉంది. ఫలానావారికి ఓటెయ్యమని చెప్పొద్దు, అభ్యర్థి కరపత్రాలు చర్చి బల్ల మీద పెట్టనివ్వొద్దు. అద్దెలు, వైద్యం, వలసవాళ్లు, జైళ్లు లాంటి విషయాల మీద మాట్లాడటానికి అడ్డు లేదు. రెండోది ప్రార్థన పుస్తకం. 1979 పుస్తకంలో బాప్తిస్మం తీసుకునేటప్పుడు అడిగే ప్రశ్నల్లో చివరిది, మనుషులందరి మధ్య న్యాయం కోసం, శాంతి కోసం పాటుపడతారా, ప్రతి మనిషి గౌరవాన్నీ కాపాడతారా అని. దేవుని సాయంతో చేస్తాం అని సంఘమంతా జవాబిస్తుంది. మీ పెద్దాయన కూడా ప్రతి బాప్తిస్మం ఆదివారం లేచి నిలబడి ఆ మాట అంటున్నారు. గొడవ పెట్టుకోకుండా ఆ పేజీ తెరిచి చూపించండి చాలు.

సీఎస్‌ఐకీ ఇక్కడికీ ఉన్న తేడా కొంత తెలుసుకోవాలి, లేకపోతే అనవసరంగా నొచ్చుకుంటారు. మన దగ్గర అయ్యగారిని బిషప్‌గారు బదిలీ మీద పంపిస్తారు. ఇక్కడ వెస్ట్రీ వెతుక్కుని, బిషప్ ఒప్పుకోలుతో పిలుచుకుంటుంది. అందుకని డబ్బు, భవనం సంగతుల్లో వెస్ట్రీ మాటకి బలం ఎక్కువ. రెక్టార్ సరేనన్నారు కదా అని మొదలుపెట్టేయకండి. బడ్జెట్‌లో మీ పనికి ఒక వరుస రాయించుకోండి, చిన్న మొత్తమైనా సరే. ఇక డీకన్. మన దగ్గర డీకన్ అంటే ఏడాదిలో ప్రెస్బిటర్ (పూర్తి హోదా అయ్యగారు) కాబోయే కుర్రాడు అనుకుంటాం. ఇక్కడ జీవితాంతం డీకన్‌గానే ఉండేవాళ్లు ఉన్నారు. లోకంలో ఉన్న అవసరాలని, ఆందోళనలని, ఆశలని సంఘానికి తెచ్చి చెప్పడమే వాళ్ల పనని అభిషేక క్రమంలోనే ఉంటుంది. మీ చర్చికి డీకన్ ఉంటే సగం బరువు దిగినట్టే. లేకపోతే డయాసిస్ (బిషప్ కింద ఉండే మండలం) ఆఫీసుకి ఫోన్ చేసి పక్క చర్చి డీకన్ ఎవరో కనుక్కోండి.

పిల్లలుండే ఏ పనికైనా సేఫ్ చర్చి శిక్షణ తప్పదు. విసుక్కోకండి. పెద్దవాళ్లు ఇద్దరు లేకుండా పిల్లలతో గదిలో ఉండకూడదన్న నియమం మన ఊళ్లో వీబీఎస్‌లకి (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిలు బడులకి) కూడా ఎప్పుడో ఉండాల్సింది. వేడి వంట పెట్టేటట్టయితే కౌంటీ ఆరోగ్యశాఖని ముందే అడగండి. చర్చి ఇన్సూరెన్స్ బయటి చోట కూడా వర్తిస్తుందో లేదో కోశాధికారితో చూపించుకోండి. ఇవి చెప్పుకోడానికి బోరు కానీ పని ఆగిపోయేది ఎప్పుడూ వీటి దగ్గరే.

ఇప్పుడు మీకు, నాకు మాత్రమే బాగా అర్థమయ్యే విషయం ఒకటి. ఈ రాష్ట్రంలో ఇళ్ల మధ్య ఉంటే తెలియదు కానీ, రాలీ నుంచి గంట సేపు ఆగ్నేయంగా కారు పోనిస్తే రెండువైపులా పొగాకు, చిలగడదుంప. అమెరికాలో రెండూ అన్నిటికంటే ఎక్కువ పండేది ఈ రాష్ట్రంలోనే. కోసేది, తవ్వేది ఎక్కువగా మెక్సికో నుంచి సీజన్ వీసా మీద వచ్చినవాళ్లు. న్యూటన్ గ్రోవ్ దగ్గర ఎపిస్కోపల్ ఫార్మ్‌వర్కర్ మినిస్ట్రీ 1982 నుంచి పనిచేస్తోంది. మన నార్త్ కరోలినా డయాసిస్, పక్కన ఈస్ట్ కరోలినా డయాసిస్ రెండూ కలిసి నడుపుతాయి. మొదటిసారి వెళ్లినప్పుడు నేను దారిలో కారు ఆపించేశాను. రోడ్డు పక్కన పొగాకు ఆరబెట్టే పాత చెక్క బ్యారన్ ఒకటి. మా ఊళ్లో మట్టి గోడలతో ఉండే పొగాకు బ్యారన్ గుర్తొచ్చింది. వర్జీనియా పొగాకు మన దగ్గరికి ఇటువైపు నుంచే కదా వచ్చింది. పేరే చెబుతోంది.

మా అమ్మ పెళ్లయిన కొత్తలో పొగాకు కూలికి వెళ్లేది. సాయంత్రానికి చేతులకి నల్లటి జిగురు పట్టేసేది. సబ్బుతో పోదు. పచ్చి చింతకాయ రుద్దుకునేది, ఆ చేత్తో అన్నం కలిపితే చేదు. పొద్దున్నే మంచు మీద ఆకు కోసిన రోజున తల తిరుగుతోందని, వాంతి వస్తోందని పడుకునేది. ఎండదెబ్బ అనుకునేవాళ్లం. నేను నర్సునయ్యాక, అదీ న్యూటన్ గ్రోవ్ వెళ్లాకే తెలిసింది దానికి గ్రీన్ టొబాకో సిక్‌నెస్ అని పేరుందని. తడిసిన పచ్చి ఆకులోంచి నికోటిన్ చర్మంలోకి దిగుతుంది. మంచు, చెమట, వాన ఏది తడిపినా అంతే. పొడుగు చేతుల చొక్కా వేసుకుని, అది తడిస్తే మార్చుకుంటే చాలావరకు తగ్గుతుంది. అందుకని మా చర్చిలో మే నెలలో పొడుగు చేతుల పాత చొక్కాలు పోగు చేస్తాం. ఐటీ ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్ల దగ్గర ఇవి బోలెడు. మీరు కేరీలో అడిగితే వారంలో మూడు వందలు పోగవుతాయి, రాసిస్తాను.

అయితే చొక్కాలు పోగు చేయడం దగ్గరే ఆగిపోతే అది కూడా మా వంటల పండగ లాంటిదే. ఇచ్చి వచ్చేయకండి, ఏం కావాలో అడిగి రండి. మేం మొదటి ఏడాది చలి దుప్పట్లు పట్టుకెళ్లాం, జూన్‌లో. రెండో ఏడాది అడిగాం. వాళ్లు అడిగింది ఫోన్ కార్డులు, కాళ్లకి సాక్సులు, ఇంకా తాగే నీళ్లు, నీడ గురించి యజమానితో మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. చివరిది చొక్కాల డబ్బాలో పట్టదు. దానికి ఆ మినిస్ట్రీ వాళ్ల వెనకాల నిలబడాలి. మీరు సొంతంగా పొలం యజమాని దగ్గరికి వెళ్లి మాట్లాడేయకండి. కూలి మనిషి వీసా ఆ యజమాని చేతిలోనే ఉంటుంది. మీ ఆవేశానికి శిక్ష వాళ్లకి పడుతుంది.

జాతి విషయం ఎలాగూ వస్తుంది, ఎందుకంటే ఈ డయాసిస్ చరిత్రే అది. మీరు చాపెల్ హిల్‌లో చాపెల్ ఆఫ్ ద క్రాస్ చర్చికి ఒకసారి వెళ్లండి. 1854లో అక్కడ కొర్నేలియా అనే బానిస పిల్లకి బాప్తిస్మం ఇచ్చారు. ఆ పిల్ల యజమానురాలు మేరీ రఫిన్ స్మిత్. ఆ యజమానురాలి అన్నదమ్ముల్లో ఒకడే కొర్నేలియా తండ్రి. అంటే సొంత మేనత్తకి ఈ పిల్ల ఆస్తి. ఆ కొర్నేలియా మనవరాలు పౌలీ మర్రే. డర్హమ్‌లో అమ్మమ్మ ఇంట్లో పెరిగింది. 1938లో చాపెల్ హిల్ యూనివర్సిటీ నల్లజాతి మనిషివని సీటు ఇవ్వలేదు. లాయరయింది, పోరాడింది, చివరికి అరవై దాటాక 1977 జనవరిలో వాషింగ్టన్ నేషనల్ కెథడ్రల్‌లో ప్రీస్ట్‌గా అభిషేకం పొందింది. ఎపిస్కోపల్ చర్చిలో ప్రీస్ట్ అయిన మొదటి నల్లజాతి మహిళ ఆవిడే. నెల తిరిగేసరికి అదే చాపెల్ ఆఫ్ ద క్రాస్‌లో తన మొదటి ప్రభురాత్రి భోజన ఆరాధన నడిపింది. సువార్త చదివిన బల్ల మీద మేరీ రఫిన్ స్మిత్ పేరు చెక్కి ఉంది. డర్హమ్‌లో ఆవిడ పెరిగిన ఇల్లు ఇప్పుడు చరిత్ర కేంద్రం. మీ కమిటీని ఒక శనివారం ఈ రెండు చోట్లకీ తీసుకెళ్లడం, నా లెక్కలో, ఆరు ఉపన్యాసాలతో సమానం. ఖర్చు పెట్రోలు, మధ్యాహ్న భోజనం.

ఎపిస్కోపల్ చర్చి 2019లో సేక్రెడ్ గ్రౌండ్ అనే చర్చా పాఠాల వరుస మొదలుపెట్టింది. చిన్న గుంపుగా కూర్చుని సినిమాలు చూసి, పుస్తకాలు చదివి, అమెరికాలో జాతి చరిత్ర గురించి మాట్లాడుకుంటారు. నేను చేరినప్పుడు మూడు వారాలు నోరు విప్పలేదు. మనది కాని గొడవ అనుకున్నాను. నాలుగో వారం ఒక పెద్దావిడ, మీ ఇండియన్లకి ఇలాంటివి ఉండవు కదా అని మామూలుగా అనేసింది. అప్పుడు చెప్పాల్సి వచ్చింది. మా తాత ఊరి బావి దగ్గర దూరంగా నిలబడి ఎవరైనా నీళ్లు పోస్తారా అని ఎదురుచూసిన సంగతి. మా పేట ఊరికి ఏ దిక్కున ఉంటుందో, ఎందుకుంటుందో. క్రైస్తవులమైతే షెడ్యూల్డ్ కులం కింద లెక్క కాదని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, అందుకని మా కాగితాల్లో బీసీ-సి (క్రైస్తవులైన దళితులని చేర్చిన వెనకబడిన తరగతి) అని రాసి ఉండటం. గదిలో చప్పుడు లేదు. తర్వాత మా చర్చిలోని నల్లజాతి వార్డెన్ ఒకావిడ పార్కింగ్‌లో నా పక్కన నిలబడి, మీ బావి ఎంత దూరంలో ఉండేది అని అడిగింది. అడుగులతో సహా చెప్పాను. అప్పటినుంచి మేమిద్దరం లాండ్రీ మంగళవారాలకి ఒకే కారులో వెళ్తాం.

మీ ఇంటి సంగతి నాకు తెలియదు, చెప్పాలని కూడా అనడం లేదు. తెలుగు స్నేహితులు చాలామంది ఈ మాట వచ్చేసరికి లేచి టీ తెచ్చుకోవడానికి వెళ్తారు. అది వాళ్లిష్టం. కానీ మన దగ్గర ఎవరు ఏ బల్ల మీద కూర్చునేవారో తెలిసినవాళ్లం, ఇక్కడివాళ్లకి పాఠం చెప్పే హోదాలో కాకుండా పక్కన కూర్చునే హోదాలో వెళ్తే బాగుంటుంది.

ఇక మీరు అడిగిన చివరి ముక్క. సీఎస్‌ఐ నుంచి తెచ్చుకోదగ్గవి రెండున్నాయి: పిడికెడు బియ్యం, కోత పండగ వేలం. మా నానమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేసేది. ఆదివారం అది చర్చికి. అన్నం తక్కువైన రోజున కూడా. మా చర్చిలో దీన్ని ఇంగ్లీషులో చెప్పి, ఇంటికో గాజు సీసా ఇచ్చి, రోజుకో క్వార్టర్ వేయమన్నాం. వీళ్లకి అప్పటికే 1889లో మొదలైన యునైటెడ్ థాంక్ ఆఫరింగ్ నీలం డబ్బాలున్నాయి, కృతజ్ఞతగా చిల్లర వేస్తారు, కాబట్టి చప్పున అందుకున్నారు. నెలకి లాండ్రీ క్వార్టర్లలో సగం సీసాల్లోంచే వస్తున్నాయి.

వేలం సంగతి అయితే చెప్పి తీరాలి. మన కోత పండగలో వంద రూపాయల గుమ్మడికాయని బావలిద్దరూ పంతానికి పోయి మూడువేలకి పాడటం చూసే పెరిగాం కదా. నవంబరులో పారిష్ హాల్లో పెట్టాను. తెల్లవాళ్లు మొదట మొహమాటపడ్డారు, వాళ్లకి సైలెంట్ ఆక్షన్ అలవాటు, కాగితం మీద గుట్టుగా అంకె రాసి పోతారు. నేను బల్లెక్కి "ఒకటోసారి, రెండోసారి" అని తెలుగులోనే పాడాను. మా రెక్టార్ చేసిన వంకర రొట్టె నూట నలభై డాలర్లకి పోయింది. నా గోంగూర పచ్చడి సీసా ఎనభై అయిదుకి. పాడుకున్నది పచ్చడి అంటే ఏంటో తెలియని బ్యాంకు మేనేజరు. కొన్న పచ్చడిని మళ్లీ వేలానికే ఇచ్చేశాడు, మన ఊళ్లో పెద్దలు చేసినట్టే, ఎవరూ నేర్పకుండానే. దీన్ని పెద్ద ఈవెంట్ అనుకోండి, మీ సీనియర్ వార్డెన్‌గారు కూడా శాంతిస్తారు. కాకపోతే ఇది మనవాళ్ల డబ్బు పోగు చేసుకునే పండగ, బయటివాళ్ల కోసం అని రాసుకోకండి.

బయటివాళ్లు నిజంగా వచ్చే పండగ ఒకటే చూశాను. అక్టోబరు 4 దగ్గర సెయింట్ ఫ్రాన్సిస్ రోజున పెంపుడు జంతువులకి ఆశీర్వాదం. కుక్కకి ఆశీర్వాదం ఏంటని నేను కూడా నవ్వాను. చర్చి లోపలికి పిలిస్తే రానివాళ్లు, పచ్చిక మీద పది నిమిషాలు కుక్కని పట్టుకుని నిలబడమంటే వస్తారు. ఎవరినీ ఏమీ అడగని పండగ. ఆ అపార్ట్‌మెంట్ల నుంచి ఇరవై మంది దాకా వచ్చారు, ఒక పాప బల్లిని అగ్గిపెట్టెలో తెచ్చింది. మా రెక్టార్ దానికి కూడా చెయ్యెత్తి ప్రార్థన చేశారు. వచ్చినవాళ్ల చేతిలో లాండ్రీ మంగళవారం కాగితం పెట్టాం. ఈసారి రెండు భాషల్లో, పోలీసు కారు లేకుండా.

వీసా మీద ఉన్నారు కాబట్టి ఒక జాగ్రత్త. చర్చిలో జీతం లేకుండా సేవ చేయడానికి ఇబ్బంది లేదు. ఊరేగింపులకి వెళ్లేటప్పుడు మాత్రం అరెస్టయ్యే అవకాశం ఉన్నవాటికి పౌరులైనవాళ్లని ముందు నడవనివ్వండి, మీరు నీళ్ల సీసాలు చూసుకోండి. ఓటరు నమోదు బల్ల దగ్గర ఎవరైనా హడావిడిలో మీ చేతిలో ఫారం పెడితే సంతకం చేయకండి. పౌరులు కానివాళ్లు ఓటరుగా నమోదు కావడం పెద్ద నేరం, గ్రీన్ కార్డు ఆశ అక్కడితో పోతుంది.

ముందుగా ఈ నెలలో చేయాల్సింది రెండే. మీ చర్చికి రెండు మైళ్లలోపు లాండ్రొమాట్ ఎక్కడుందో చూసి, ఒక సాయంత్రం మీ సొంత బట్టలు తీసుకెళ్లి ఉతుక్కోండి. ఎవరొస్తున్నారు, ఏ భాష మాట్లాడుతున్నారు, ఎన్ని గంటలకి ఖాళీగా ఉంటుంది చూడండి. యజమానితో కూడా అప్పుడే మాట్లాడండి, చాలామంది ఒప్పుకుంటారు, వాళ్ల మెషిన్లకి గిరాకీయే కదా. ఇంకొకటి, క్వార్టర్లు. రోల్‌కి నలభై, పది డాలర్లు. ముప్ఫై రోల్స్ కావాలని బ్యాంకుకి రెండు రోజుల ముందే ఫోన్ చేసి చెప్పండి. మొదటిసారి మేం చెప్పకుండా వెళ్తే ఆరు రోల్సే ఇచ్చారు, మా కోశాధికారి కారు వేసుకుని నాలుగు బ్యాంకులు తిరిగొచ్చేసరికి ఎనిమిదిన్నర అయింది.